నాలుగు నెలలు నిండని ప్రయాణం

హౌరా స్టేషను నుండి రెండు దారులు విడిపోతాయి. ఒకటి హుగ్లీ నదిని పక్కన పెట్టుకుని ఉత్తరానికి సాగుతుంది. ఆ దారిన లోకల్ రైలెక్కితే అరగంటలో శ్రీరాంపూర్ చేరవచ్చు. రెండవది ఖరగ్‌పూర్ మీదుగా దక్షిణానికి తిరుగుతుంది. మద్రాసు మెయిలు ఆ దారినే పోతుంది. ఒక పగలూ ఒక రాత్రీ గడిచేసరికి అది ఒంగోలు, నెల్లూరు దాటుతుంది. శ్రీరాంపూర్‌కూ నెల్లూరికీ ఏమి సంబంధమని ప్రయాణికులెవరికీ తోచదు. తోచవలసిన అవసరమూ లేదు. అయినా సంబంధం ఉన్నది. దాన్ని ముడివేసినవాడు ఈ దేశంలో నాలుగు నెలలైనా నిండుగా ఉండలేదు. ఇక్కడ ఆయన కట్టించిన గుడి లేదు, బడి లేదు, మార్చిన మనిషీ లేడు. ఆయన పేరు లూథర్ రైస్. అప్పటికి హౌరాలో రైలు పట్టాలు లేవు. అవి పడడానికి ఇంకా నలభై రెండేళ్ళు గడవవలసి ఉన్నది.

రైస్ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1783లో పుట్టాడు. తన స్నేహితులు కొందరు మిషనరీలుగా తూర్పు దేశాలకు వెళ్తున్నారని తెలిసినప్పుడు తానూ వస్తానన్నాడు. పంపేవారి వద్ద సొమ్ము లేదు. ఖర్చులకు తానే చందాలు పోగుచేసుకుంటే రావచ్చునన్నారు. ఓడ బయలుదేరడానికి కొద్ది రోజులే మిగిలి ఉన్నవి. ఆ చలికాలంలో ఊరూరా తిరిగి కావలసినంత సొమ్ము కూడబెట్టాడు. పెండ్లి చేసుకోవలసిన యువతి మాత్రం అంతదూరం రానన్నది. ఆయన ఒంటరిగానే బయలుదేరాడు. అది విహారయాత్ర కాదు. వెళ్ళినవాడు తిరిగి రాడన్న లెక్కతోనే ఆ రోజుల్లో మిషనరీలను ఓడ ఎక్కించేవారు.

స్నేహితులలో ముందుగా కలకత్తా చేరినవారు అదోనిరాం జడ్సన్, ఆయన భార్య ఆన్. శామ్యూల్ న్యూవెల్, ఆయన భార్య హారియెట్. వారి ఓడ కారవాన్ 1812 జూన్ 17న రేవు చేరింది. జడ్సన్‌కు ఇరవై నాలుగేళ్ళు నిండలేదు. ఆన్‌కు ఇరవై రెండు, హారియెట్‌కు పద్దెనిమిది. రెండు జంటలకూ పెండ్లయి కొద్ది నెలలే అయింది. రైస్ ఎక్కిన రెండవ ఓడ ఆగస్టులో వచ్చింది.

వచ్చినవారికి ఈస్టిండియా కంపెనీ స్వాగతం పలకలేదు. లైసెన్సు లేకుండా మతబోధకులెవరూ తన ఏలుబడిలో ఉండరాదని కంపెనీ శాసనం. బోధకుల రాకవల్ల ప్రజలలో అలజడి పుడుతుందని, అలజడి పుడితే వ్యాపారం దెబ్బతింటుందని దాని భయం. పైగా జడ్సన్ దంపతులు దిగిన మరునాడే, జూన్ 18న, అమెరికా బ్రిటన్‌పై యుద్ధం ప్రకటించింది. ఆ వార్త కలకత్తా చేరడానికి నెలలు పట్టింది. చేరిన తరువాత అమెరికన్ల పరిస్థితి మరింత ఇరకాటంలో పడింది. వచ్చిన ఓడలోనే తిరిగి పొమ్మని మొదటి ఉత్తర్వు. బతిమాలగా బతిమాలగా, ఫ్రెంచివారి నుండి బ్రిటన్ అంతకు రెండేళ్ళ ముందే గెలుచుకున్న మారిషస్ దీవికి పోవడానికి అనుమతి ఇచ్చారు. ఆ దీవికి పోయే ఓడలో ఇద్దరికే చోటు దొరికింది. హారియెట్ గర్భవతి. ఆలస్యమైన కొద్దీ ఆమెకు ప్రయాణం కష్టమవుతుందని ఆ చోటు న్యూవెల్ దంపతులకే వదిలారు. ఆగస్టు 4న వారు వెళ్ళిపోయారు.

మిగిలినవారికి ఆశ్రయం ఇచ్చినవారు శ్రీరాంపూర్ మిషనరీలు. శ్రీరాంపూర్ మొదట డేనిష్ రాజు స్థావరం. అసలు విలియం కేరీ బృందం అక్కడ స్థిరపడడానికి కారణమే కంపెనీ చేయి అక్కడిదాకా చాచలేకపోవడం. ఆ సంవత్సరం మార్చి 11న శ్రీరాంపూర్ ముద్రణాలయం అగ్నికి ఆహుతి అయింది. పలు భాషల అచ్చు అక్షరాలు, ఏళ్ళ తరబడి శ్రమించి రాసిన ప్రతులు ఒక్క రాత్రిలో బూడిదయ్యాయి. అమెరికన్లు వచ్చేసరికి అక్కడ మళ్ళీ అక్షరాలు పోత పోస్తున్నారు. తెలుగువారికి ఇందులో కొంత ఆసక్తి ఉండవచ్చును. రెండేళ్ళ తరువాత, 1814లో, కేరీ రచించిన తెలుగు వ్యాకరణం ఆ ముద్రణాలయం నుండే వెలువడింది.

దైవం తన దారి చూపుతాడని నమ్మి బయలుదేరినవారికి మొదటి పరీక్ష కంపెనీ పెట్టినది కాదు. అది వారి మనస్సులోనే పుట్టింది. జడ్సన్ సముద్రం మీద ఉండగా బాప్తిస్మం గురించి గ్రీకు మూలాన్ని పరిశీలించి, తన సంఘం ఆచరించే శిశు బాప్తిస్మానికి అందులో ఆధారం లేదన్న నిశ్చయానికి వచ్చాడు. సెప్టెంబరు 6న కలకత్తా లాల్‌బజార్ మందిరంలో విలియం వార్డ్ చేతుల మీదుగా జడ్సన్ దంపతులు నీటిలో మునిగి బాప్తిస్మం పొందారు. నవంబరు 1న రైస్ కూడా ఆ దారినే నడిచాడు. నేటి పాఠకునికి ఇది సూక్ష్మమైన మతభేదంగా కనిపించవచ్చును. వారికది జీతం పోవడం. తమను పంపిన సంఘం శిశు బాప్తిస్మం పాటించే సంఘం. దాని సొమ్ము తినే హక్కు ఇక తమకు లేదని వారే రాసి పంపారు. పరదేశంలో, ఉండనివ్వని ప్రభుత్వం కింద, చేతిలో పైసా వచ్చే దారి లేకుండా నిలబడ్డారు. బాప్తిస్టులకు అమెరికాలో విదేశీ మిషను సంఘమన్నదే లేదు.

నవంబరులో మరో ఉత్తర్వు వచ్చింది. వారిని ఇంగ్లండుకు పోయే ఓడలలో ఎక్కించాలని. వారికి తెలియకుండానే ప్రయాణికుల పట్టికలో వారి పేర్లు పత్రికలలో అచ్చయ్యాయి. మారిషస్‌కు పోయే క్రియోల్ అనే ఓడ రేవులో ఉన్నదని విని, అందులో పోవడానికి అనుమతి కోరారు. అధికారి నిరాకరించాడు. అనుమతి లేకున్నా మీరెక్కితే నేను దింపనని ఓడ కప్తాను అన్నాడు. అర్ధరాత్రి వేళ సామాను మోయించుకుని ఎక్కారు.

కలకత్తా నుండి సముద్రానికి పోయే ఏ ఓడైనా హౌరా ఒడ్డున శిబ్‌పూర్ తోటలను దాటి పోవలసిందే. కల్నల్ కిడ్ 1787లో నాటిన తోట అది. దాని పర్యవేక్షకుడు విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు సామర్లకోటలో ఏళ్ళ తరబడి మొక్కలు పెంచి, కోరమాండల్ తీరపు వృక్షాల మీద గ్రంథం రచించినవాడు, కేరీకి ఆప్తమిత్రుడు. క్రియోల్ ఆ తోటలు దాటి రెండు రోజులు దిగువకు పోయింది. అంతలో ప్రభుత్వ తాఖీదు వెంటపడింది. ఇంగ్లండుకు పోవలసినవారు ఈ ఓడలో ఉన్నారు గనుక ముందుకు నడపరాదని నావికుడికి ఆజ్ఞ. జడ్సన్, రైస్ ఒడ్డుకు దిగారు. రైస్ కలకత్తాకు తిరిగి వెళ్ళి మళ్ళీ అర్థించి, వట్టి చేతులతో వచ్చాడు. ఆన్ కూడా ఓడ దిగవలసి వచ్చింది. నది ఒడ్డు సత్రంలో ఒకచోట, తరువాత ఫల్తాలో మరోచోట కాలం గడిపారు. ఓడ వారిని వదలి సముద్రం వైపు పోయింది. వెనకకు పోతే నిర్బంధం, ముందుకు పోవడానికి ఓడ లేదు, కూర్చుని తినడానికి సొమ్ము లేదు.

మూడు రోజుల తరువాత జడ్సన్ చేతికి ఒక ఉత్తరం అందింది. అందులో క్రియోల్ ఓడలో ప్రయాణించడానికి మేజిస్ట్రేటు ఇచ్చిన అనుమతిపత్రం ఉన్నది. దాన్ని ఎవరు సంపాదించారో, ఎందుకు పంపారో వారికి ఎన్నడూ తెలియలేదు. పడవ కట్టించుకుని రాత్రంతా నడిపించి, సుమారు డెబ్బై మైళ్ళ దూరాన ఉన్న సాగర్ రేవుకు పరుగెత్తారు. ఓడ పోయి ఉండవలసింది. పోలేదు. లంగరు వేసే ఉన్నది.

మిషనరీ చరిత్రలు రాసినవారు ఈ ఘట్టం దగ్గర సంతోషంతో ఆగిపోతారు. దైవం దారి చూపుతాడనడానికి ఇంతకంటె సాక్ష్యమేమి కావాలని అడుగుతారు. ఇక్కడే ఆగేవారు కథను సగమే చదివినవారు. ఎందుకంటే ఆ ఓడ 1813 జనవరి 17న మారిషస్ చేరినప్పుడు వారిని కలుసుకోవడానికి వచ్చిన న్యూవెల్ ఒంటరిగా వచ్చాడు. హారియెట్ ప్రసవం నడిసముద్రంలో జరిగింది. బిడ్డ కొద్ది రోజులకే పోయింది. నవంబరు 30న, కడపటి మిత్రులు హుగ్లీ నదిని వదలుతున్న ఆ రోజులలోనే, ఆమె క్షయతో కన్నుమూసింది. పందొమ్మిదేళ్ళు నిండి రెండు నెలలు కాలేదు. ఆమె మేలు కోరే ఆ ఇద్దరి చోటును ఆమెకు ఇచ్చారు. ప్రార్థన ఒకటే, దైవం ఒకటే, ఓడలు వేరు.

హారియెట్ లేఖలు, దినచర్య ఆమె మరణానంతరం అచ్చయి అమెరికాలో ఎందరినో కదిలించాయి. అందుకోసమే ఆమె మరణించిందని చెప్పినవారూ ఉన్నారు. ఆ మాట బతికున్నవారికి ఊరటనిస్తుందేమో గాని, సముద్రం మధ్య బిడ్డను పోగొట్టుకున్న ఆ చిన్న పిల్లకు న్యాయం చేయదు. తానొకటి తలచిన దైవమొకటి తలచునన్నది మన సామెత. తలచినదాని భారం ఎవరి భుజాన పడుతుందో ఆ సామెత చెప్పదు.

వారికి ఆశ్రయమిచ్చిన కేరీ ఇంట్లోనూ ఇటువంటి కథే జరిగింది. 1793 వసంతంలో ఆయన లైసెన్సు లేదన్న కారణంగా ఇంగ్లీషు ఓడ నుండి దించివేయబడ్డాడు. ఆయన భార్య డొరొతీ అప్పటికి నిండుచూలాలు. తాను రానని ఇంటనే ఉండిపోయింది. ఓడ తప్పిపోయిన ఆ కొద్ది వారాలలో ఆమెకు ప్రసవమైంది. చెల్లెలు తోడు వస్తే వస్తానని చివరికి ఒప్పుకొన్నది. జూన్‌లో డేనిష్ ఓడలో అందరూ కలిసి బయలుదేరారు. ఓడ నుండి దించివేయడమే కుటుంబాన్ని కలిపిందని, అదే దైవలీల అని కేరీ జీవితకారులు రాశారు. మరుసటి సంవత్సరం ఉత్తర బెంగాలులో అయిదేళ్ళ కొడుకు పీటర్ జ్వరంతో మరణించాడు. డొరొతీ మతి చలించింది. పన్నెండేళ్ళకు పైగా ఆ స్థితిలోనే ఉండి 1807లో పోయింది. కేరీ భాషాసేవ మహత్తరమైనది, అందులో సందేహం లేదు. అయితే దైవం నన్ను పిలిచాడని ఎవరైనా అన్నప్పుడు, ఆ పిలుపు ఆ ఇంట్లో మిగిలినవారికీ వినిపించిందా అని అడగడం అవిశ్వాసం కాదు.

మారిషస్‌లో మిగిలినవారు దారులు చీల్చుకున్నారు. జడ్సన్ దంపతులు మద్రాసు మీదుగా 1813 జూలైలో రంగూన్ చేరారు. బర్మా వారు తలచుకున్న చోటు కాదు. మద్రాసులో ఉంటే కంపెనీ మళ్ళీ పట్టుకుంటుందన్న భయంతో రేవులో దొరికిన ఓడ ఎక్కితే అది అక్కడికి చేర్చింది. తొలి బర్మీయుడు బాప్తిస్మం తీసుకోవడానికి మరి ఆరేళ్ళు పట్టింది. రైస్ ఆరోగ్యం బాగులేదు. పైగా అమెరికాలో బాప్తిస్టులను కూడగట్టి జడ్సన్‌ల పోషణకు ఏర్పాటు చేసేవారు ఒకరు కావాలి. కొద్దికాలానికే తిరిగి వస్తానని చెప్పి 1813 మార్చిలో ఆయన ఓడ ఎక్కాడు.

తిరిగి రాలేదు. జీవితకాలానికని వచ్చిన ఇండియా ప్రయాణం నాలుగు నెలలలో ముగిసింది. కొద్ది నెలలకని వెళ్ళిన అమెరికా ప్రయాణం జీవితకాలం పట్టింది. గుఱ్ఱం మీద, బండి మీద రాష్ట్రాలు తిరిగి, విడివిడిగా ఉన్న సంఘాలను ఒప్పించాడు. 1814 మే నెలలో ఫిలడెల్ఫియాలో వారి ప్రతినిధులు సమావేశమై విదేశీ మిషను సంఘాన్ని స్థాపించారు. వాషింగ్టన్‌లో ఆయన చొరవతో 1821లో వెలసిన కళాశాలే నేటి జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం. ఆ కళాశాల అప్పులు ఆయన మెడకు చుట్టుకున్నాయి. లెక్కలు సరిగా ఉంచలేదన్న నిందా పడ్డది. పెండ్లి చేసుకోలేదు. 1836 సెప్టెంబరులో దక్షిణ కరోలినాలో, ప్రయాణం మధ్యలోనే మరణించాడు.

ఇటు హుగ్లీ మీద కాలం మారింది. 1813లో కంపెనీ పట్టా తిరగరాసినప్పుడు మిషనరీల రాకకు పార్లమెంటు తలుపు తెరిచింది. ఏడేళ్ళకు, 1820లో, హౌరా ఒడ్డున శిబ్‌పూర్‌లో ప్రభుత్వం ఇచ్చిన స్థలంలోనే బిషప్స్ కళాశాలకు పునాది పడింది. అనుమతిపత్రం లేని అమెరికన్లు దొంగచాటుగా దాటిపోయిన తోటలకు ఆనుకునే ఆ స్థలం. మైకేల్ మధుసూదన్ దత్ 1844లో అక్కడ చేరి చదివాడు. 1880లో ఆ భవనాలలోకి ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. ఇప్పుడక్కడ జాతీయస్థాయి సాంకేతిక సంస్థ నడుస్తున్నది.

రైస్ కూడగట్టిన సంఘం పంపిన శామ్యూల్ డే 1836లో కలకత్తాలో దిగి, అక్కడి నుండి విశాఖపట్టణం చేరాడు. రైస్ మరణించిన సంవత్సరమే అది. 1840లో డే నెల్లూరికి మకాం మార్చాడు. తెలుగుదేశంలో ఆ మిషను ఏళ్ళ తరబడి ఎదుగూ బొదుగూ లేక నిలిచింది. దాన్ని మూసివేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చలు జరిగాయి. బర్మాలో పదుల సంఖ్యలో స్థావరాలు పెరుగుతుండగా నెల్లూరు ఒక్కటే పటం మీద ఒంటి చుక్కగా ఉన్నది. దానికి ఒంటరి నక్షత్రమన్న పేరు వచ్చింది. డే తరువాత వచ్చిన లైమన్ జ్యూయెట్ మూసివేతకు ఒప్పుకోలేదు. మీరు పంపకపోతే నేనే పోయి అక్కడ చస్తానన్నంత పట్టుదల ఆయనది. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఆయన, భార్య, కొందరు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అంటారు.

1866లో ఒంగోలు వచ్చిన జాన్ క్లౌకు పరీక్ష వేరే రూపంలో వచ్చింది. ఆయన బడికి అగ్రకులాల పిల్లలు రాసాగారు. ఆ సమయంలోనే తాళ్ళకొండపాడు నుండి ఎఱ్ఱగుంట్ల పేరయ్య అనే మాదిగ వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెంట ఆయనవారు రాసాగారు. వారిని చేర్చుకుంటే మా పిల్లలను పంపమని పెద్దలు తెగేసి చెప్పారు. పెద్ద కులాలు ముందు వస్తే మిగిలినవారు వెంట వస్తారని ఆనాటి మిషనరీలలో చాలామంది లెక్క. క్లౌ ఏమి చేయాలో తోచక ఒక గదిలో బైబిలు తెరిచాడు. లోకం హీనంగా ఎంచినవారినే దేవుడు ఎన్నుకున్నాడని కొరింథీయులకు పౌలు రాసిన భాగం కంటపడింది. మరొక గదిలో ఆయన భార్య వేరే ప్రతి తెరిచింది. ఆమెకూ అదే పుట. పెద్దింటి పిల్లలు బడి మానేశారు.

పుస్తకం తెరిచి కంటపడిన వాక్యాన్ని దైవాజ్ఞగా తీసుకోవడం అన్నివేళలా క్షేమం కాదు. తనకు లాభం కలిగే వాక్యం దొరికేదాకా పుటలు తిప్పేవారు అన్ని మతాలలోనూ ఉన్నారు. క్లౌ దంపతులకు దొరికిన వాక్యం వారికి నష్టం తెచ్చింది. అందుచేతనే దాన్ని నమ్మబుద్ధి అవుతుంది. పదేళ్ళ తరువాత ఆయన మరొకమారు ఇదే కొలబద్ద వాడాడు. 1876 నుండి 78 వరకు కరవు వచ్చినప్పుడు బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ మేర తవ్వకం కంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించాడు. ఆ కాలమంతా బాప్తిస్మం అడిగినవారిని ఆపివేశాడు. గంజి కోసం వచ్చేవాడెవరో, విశ్వాసం కోసం వచ్చేవాడెవరో కరవు రోజులలో తేల్చలేమని ఆయన ఉద్దేశం. సహాయధనం పంచడం ముగిసిన తరువాతే తలుపు తెరిచాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇప్పుడు కాలం మారింది. పది రోజులకో, రెండు వారాలకో విదేశీ యువకులు జట్లుగా సేవాయాత్రలకు వస్తున్నారు, పోతున్నారు. ఇటువంటి యాత్రలలో ఓడ తప్పిపోవడం లేదు గాని విమానం తప్పుతుంది, వీసా రాదు, కడుపు చెడుతుంది, చేయవలసిన పని వేరొకరు ముందే చేసి ఉంటారు. పర్యాటక వీసా మీద వచ్చి మతబోధ చేయడానికి మన ప్రభుత్వం ఒప్పుకోదు. మిషనరీ వీసా వేరుగా ఉన్నది. అనుమతిపత్రం విషయంలో 1812 నాటి చిక్కు ఇంకా పూర్తిగా తీరలేదన్నమాట. అడ్డంకి వచ్చిన ప్రతిసారీ అది సైతాను పని అని కొందరు, దారి సుగమమైన ప్రతిసారీ అది దైవచిత్తమని కొందరు వెంటనే తేల్చేస్తారు. ఫల్తా సత్రంలో కూర్చున్న ముగ్గురికీ ఆ సౌలభ్యం లేదు. అక్కడ వారు చేసిన పని చాలా చిన్నది. కాళ్ళూ చేతులూ ఆడినంత మేరకు అర్జీలు పెట్టుకున్నారు, తిరిగారు, ఇక చేయగలిగినది లేనప్పుడు ఊరుకున్నారు. ఉత్తరం వచ్చిన క్షణాన లేచి పడవ కట్టించారు.

నెల్లూరు కథకు మరొక అంకం ఉన్నది. తెలుగు కూలీలు వేలాదిగా ఒప్పందాల మీద ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు, చెరకు తోటలకూ తేయాకు తోటలకూ వెళ్ళారు. వారిలో కొందరు బాప్తిస్టులు. ఆరాధన నడిపే బోధకుడు అక్కడ లేడు. మా భాషలో మాకు చెప్పేవారిని పంపండని వారు స్వదేశానికి కబురు పెట్టారు. తెలుగు బాప్తిస్టులు తమ చందాలతో నడుపుకొనే స్వదేశ మిషను సంఘం ఆ కబురు అందుకున్నది. నెల్లూరు వాడైన జాన్ రంగయ్యను కుటుంబంతో సహా 1903లో ఓడ ఎక్కించింది. ఆ సంవత్సరాంతానికి కియర్స్నీ తేయాకు తోటలో తొలి తెలుగు బాప్తిస్టు సంఘం ఏర్పడింది. ఈసారి పిలుపు వెళ్ళేవాడి చెవిలో మొదట వినిపించలేదు. అది సముద్రం అవతల నుండి, కూలీలు తెలుగులో పంపిన కబురుగా వచ్చింది.